సగం మాత్ర లెక్క... చిట్టి ఒంటికి పనికిరాదు!

పెద్దవాళ్లకి ఒక మాత్ర. పదేళ్ల పిల్లాడికి సగం. మూడేళ్ల పాపకి అందులోనూ సగం... దాన్ని చెంచాలో నలిపి, కాస్త పంచదార నీళ్లు కలిపి, ముక్కు మూసి నోట్లో పోసేయడం. జ్వరమొస్తే చాలా ఇళ్లలో జరిగే తతంగమే ఇది. డాక్టర్లు వద్దని ఎంత మొత్తుకున్నా ఈ 'సగం లెక్క' మన వంటిళ్లలోంచి పోలేదు. సరే, అదే లెక్కని ఇంకాస్త ముందుకి తీసుకెళదాం. ఏడో నెలలోనే పుట్టేసి, ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పడుకున్న ఎనిమిది వందల గ్రాముల పసికందు సంగతేమిటి? ఆ బిడ్డకి మందు ఎంత ఇవ్వాలి? మాత్రలో ఎన్నో వంతు?

పెద్దవాళ్ల మోతాదుని బరువుతో భాగిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకున్నారు. ఆ పొరపాటుకి మూల్యం చెల్లించింది మాత్రం పసిపిల్లలు. నెలలు నిండని బిడ్డ అంటే సైజు తగ్గించిన పెద్ద మనిషి కాదనీ, ఆ ఒంట్లో కాలేయం, మూత్రపిండాలు ఇంకా తయారీలోనే ఉంటాయనీ అప్పుడు తెలిసొచ్చింది. ఇవాళ ఆ చిట్టి ఒంట్లోకి మందు వెళ్లకముందే, అది ఎంతసేపు ఉంటుంది, ఎటు పోతుంది, ఎప్పుడు బయటికొస్తుంది అన్నది కంప్యూటర్‌లో లెక్కకట్టి చూస్తున్నారు. వైద్యం, గణితం కలిసి చేస్తున్న పని ఇది.

కాపాడదామనుకుంటే...

1950ల నాటి మాట. క్లోరాంఫెనికాల్ అప్పట్లో గొప్ప పేరున్న యాంటిబయోటిక్. మన దగ్గర టైఫాయిడ్ అనగానే ఏళ్ల తరబడి డాక్టర్లు రాసింది దీన్నే. క్లోరోమైసెటిన్ అన్న బ్రాండు పేరు పాతతరం వాళ్లకి ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

నెలలు నిండని పిల్లల్ని ఇన్ఫెక్షన్లు పొట్టన పెట్టుకుంటున్న రోజులవి. కాన్పుకి ఒక రోజు ముందే ఉమ్మనీరు పోతే బిడ్డకి ఆ ముప్పు మరీ ఎక్కువ. జబ్బు వచ్చేదాకా ఆగడమెందుకు, ముందే యాంటిబయోటిక్ ఇచ్చేస్తే పోలేదా అనుకున్నారు. ఆ ఆలోచన ఎంతవరకూ నిజమో తేల్చుకోవడానికి అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆసుపత్రి డాక్టర్లు అలాంటి పిల్లల్ని నాలుగు గుంపులుగా చేసి చూశారు. ఒక గుంపుకి ఏ యాంటిబయోటిక్కూ ఇవ్వలేదు. రెండో గుంపుకి పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. మూడో గుంపుకి క్లోరాంఫెనికాల్ ఒక్కటే. నాలుగో గుంపుకి మూడూ కలిపి.

1959లో వెలువడిన ఫలితాలు చూసి వైద్యలోకం నిర్ఘాంతపోయింది. మందే ఇవ్వని గుంపులో చనిపోయినవాళ్లు 19 శాతం. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఇచ్చినచోట 18 శాతం. క్లోరాంఫెనికాల్ ఇచ్చిన పిల్లల్లో... 60 శాతం! మూడూ ఇచ్చినచోట 68 శాతం!

మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే పిల్లలు పాలు తాగడం మానేసేవారు. పొట్ట ఉబ్బేది. ఒళ్లు బూడిదరంగుకి తిరిగేది. రక్తపోటు పడిపోయి ప్రాణం పోయేది. ఈ లక్షణాలకే తర్వాత 'గ్రే బేబీ సిండ్రోమ్' అని పేరొచ్చింది.

ఎందుకిలా? మరుసటి ఏడాది, అంటే 1960లో, దానికి సమాధానం దొరికింది. క్లోరాంఫెనికాల్ ఒంట్లోంచి పోవాలంటే ముందు కాలేయం దానికి ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించాలి. అప్పుడే మూత్రంలో తేలిగ్గా కొట్టుకుపోతుంది. ఆ తగిలించే పని చేసే ఎంజైము పుట్టిన కొత్తలో పసికందులో అరకొరగానే ఉంటుంది. పెద్దవాళ్ల రక్తంలో సుమారు 4 గంటలకే సగానికి తగ్గే మందు, పుట్టి ఒకటి రెండు రోజులైన బిడ్డలో సగం తగ్గడానికి 26 గంటలు పట్టింది.

దీని అర్థం ఏమిటో ఒక్కసారి లెక్క వేయండి. పెద్దాయన ఇవాళ వేసుకున్న మందు ప్రతి నాలుగు గంటలకీ సగమవుతూ పోతే, రేపు ఈవేళకి మిగిలేది 64వ వంతు. దాదాపు ఏమీ లేనట్టే. పసికందులో మాత్రం సగానికి పైగా అలాగే ఉంటుంది. దాని మీద రెండో రోజు మందు, ఆపైన మూడో రోజు మందు. చిట్టీల పాటలో డబ్బులా జమ అవుతూనే ఉంటుంది. చివరికి అదే విషమైంది. ఈ లెక్క తెలిశాక నెలలు నిండని పిల్లలకి రోజు మోతాదుని కిలోకి 25 మిల్లీగ్రాములకి తగ్గించారు. అంతకుముందు ఇచ్చింది కిలోకి 100 మిల్లీగ్రాములకి పైనే!

చెరువు పెద్దది... తూము చిన్నది

మరైతే నెలలు నిండని పిల్లలకి అన్ని మందులూ తగ్గించి ఇచ్చేస్తే సరిపోతుందా? అదీ కుదరదు. జెంటామైసిన్ సంగతే చూడండి. పసిపిల్లల ఇన్ఫెక్షన్లకి ప్రపంచమంతా వాడే ఇంజక్షన్ ఇది. తక్కువైతే సూక్ష్మజీవి చావదు. ఎక్కువసేపు ఒంట్లో పేరుకుంటే మూత్రపిండాలు దెబ్బతింటాయి, వినికిడి కూడా పోవచ్చు.

ఒంటిని ఓ చెరువు అనుకోండి. అందులో ఎన్ని నీళ్లున్నాయి అన్నదాన్ని బట్టి, వేసిన మందు ఎంత చిక్కగా ఉంటుందో తేలుతుంది. తూము ఎంత వెడల్పుగా ఉంది అన్నదాన్ని బట్టి, ఆ మందు ఎంత త్వరగా ఖాళీ అవుతుందో తేలుతుంది. పెద్దవాళ్ల బరువులో 60 శాతం దాకా నీరే. నెలలు నిండని బిడ్డలో అది 80 శాతం పైమాటే. జెంటామైసిన్ నీటిలో కలిసే మందు. నీరు ఎక్కువున్నచోట అదే చిక్కదనం రావాలంటే కిలోకి ఎక్కువ మందే వేయాలి.

తూము సంగతి పూర్తిగా వేరు. ఈ మందుని బయటికి పంపేది మూత్రపిండాలు. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలు ఉంటాయి. వాటిలో సగానికి పైగా కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లోనే తయారవుతాయి. ఆ పని పూర్తయ్యేది 36వ వారం దగ్గర. 27వ వారంలోనే పుట్టిన బిడ్డకి తూము ఇంకా కడుతున్నారన్నమాట!

అందుకే డాక్టర్లు ఎక్కువగా అనుసరించే ఒక పట్టిక ప్రకారం... నెలలు నిండి పుట్టిన బిడ్డకి మొదటి వారంలో కిలోకి 4 మిల్లీగ్రాముల జెంటామైసిన్, 24 గంటలకోసారి. 29 వారాల లోపు పుట్టిన బిడ్డకి కిలోకి 5 మిల్లీగ్రాములు, 48 గంటలకోసారి. చిన్న బిడ్డకి కిలో లెక్కన ఎక్కువ మందు, కానీ రోజు విడిచి రోజు. వినడానికి విడ్డూరంగా ఉన్నా చెరువు, తూము లెక్కలో చక్కగా ఇమిడిపోతుంది.

దీన్ని చేతల్లో పెట్టడం ఇంకో కత్తిసాము. మన మందుల షాపుల్లో దొరికే జెంటామైసిన్ సీసాలో సాధారణంగా 2 మిల్లీలీటర్లకి 80 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 800 గ్రాముల బిడ్డకి కావలసింది 4 మిల్లీగ్రాములు. అంటే మిల్లీలీటర్లో పదో వంతు! సిరంజి మూతిలో మిగిలిపోయే చుక్క కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. దశాంశ బిందువు ఒక్క గడి జరిగిందంటే మోతాదు పది రెట్లు అయిపోతుంది. మందుని పలచన చేశాకే వాడటం, ఒకరు లెక్కకట్టింది ఇంకొకరు సరిచూడటం ఇందుకే.

త్రైరాశికం ఎక్కడ తప్పుతుంది?

బళ్లో నేర్చుకున్న త్రైరాశికంతో ఓ చిన్న లెక్క చేద్దాం. 70 కిలోల మనిషి మూత్రపిండాలు నిమిషానికి సుమారు 120 మిల్లీలీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. మరి ఒక కిలో బరువున్న బిడ్డవి? డెబ్బయ్యో వంతు, అంటే 1.7 మిల్లీలీటర్లు. త్రైరాశికం చెప్పే జవాబు ఇది.

జీవశాస్త్రం దీన్ని ఒప్పుకోదు. చిన్న ప్రాణులు తమ బరువుతో పోలిస్తే ఎక్కువ వేగంగా పనిచేస్తాయి. చిట్టెలుక రోజుకి తినే తిండిని దాని బరువుతో పోల్చి చూడండి, ఏనుగు దాని ముందు దిగదుడుపే. స్విట్జర్లాండ్‌లో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన మ్యాక్స్ క్లైబర్ 1932లో ఈ సంగతిని ఓ సూత్రంగా చెప్పారు. ప్రాణి ఖర్చుచేసే శక్తి బరువుతోపాటు పెరుగుతుంది కానీ బరువంత వేగంగా పెరగదు... బరువుకి ముప్పావు ఘాతం లెక్కన పెరుగుతుంది. ఆ సూత్రం ప్రకారం కిలో బిడ్డ మూత్రపిండాలు నిమిషానికి 5 మిల్లీలీటర్లు వడపోయాలి. త్రైరాశికం చెప్పినదానికి మూడు రెట్లు!

అదీ నిజం కాదు. ఎందుకంటే ఆ సూత్రం పూర్తిగా తయారైన అవయవాల గురించి చెబుతుంది. ఈ బిడ్డ అవయవాలు ఎంతవరకు తయారయ్యాయో కూడా కలపాలి. న్యూజిలాండ్‌కి చెందిన నిక్ హోల్‌ఫోర్డ్, బ్రయాన్ ఆండర్సన్ తదితరులు 2009లో చేసింది అదే. నెలలు నిండని పిల్లల నుంచి పెద్దవాళ్ల వరకు 923 మంది మూత్రపిండాల కొలతల్ని ఒకచోట చేర్చి, వయసుతో ఆ పనితనం ఎలా పెరుగుతుందో ఒకే గీతగా గీశారు. ఇక్కడ వయసంటే పుట్టినప్పటి నుంచి కాదు... తల్లి ఆఖరి నెలసరి నుంచి లెక్కపెట్టే వారాలు. ఆ గీత ప్రకారం, పరిమాణంలో తేడాని పక్కనపెట్టి చూస్తే మూత్రపిండాలు పెద్దవాళ్ల సామర్థ్యంలో సగానికి చేరేది 48వ వారం దగ్గర. తొంభై శాతానికి చేరేది బిడ్డకి ఏడాది నిండేసరికి. 28 వారాలప్పుడు ఉండేది 14 శాతమే.

ఇప్పుడు రెండూ కలపండి. 5 మిల్లీలీటర్లలో 14 శాతం... 0.7 మిల్లీలీటర్లు. త్రైరాశికం చెప్పిన 1.7లో సగం కూడా లేదు! అటు మొదటి జవాబునో ఇటు రెండో జవాబునో నమ్మి మందు ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? క్లోరాంఫెనికాల్ కథ మళ్లీ మొదలవుతుంది.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మందుల దగ్గర ఆ మాట చెల్లదు. ప్రతి మెతుకూ ఒక్కోలా ఉడుకుతుంది. పెద్దవాళ్లలో కొత్త మందుని పరీక్షించాలంటే ఆరోగ్యవంతుల్ని పిలిచి, మందు ఇచ్చి, గంట గంటకీ రక్తం తీస్తారు. ఒక్కొక్కరి దగ్గర పది పదిహేను సార్లు. నెలలు నిండని బిడ్డ దగ్గర అది కుదిరే పనేనా?

800 గ్రాముల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు 70 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసుడు. అందులోంచి ఒక్క మిల్లీలీటరు తీశామంటే, పెద్దవాళ్ల నుంచి 70 మిల్లీలీటర్లు తీసినట్టు. పోనీ ఆరోగ్యంగా ఉన్న పసికందుల మీద పరీక్షిద్దామంటే... జబ్బులేని బిడ్డకి మందిచ్చి చూసే హక్కు ఎవరికుంది?

ఈ చిక్కుముడిని విప్పింది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ షైనర్, స్టువర్ట్ బీల్. ఒక్కరి దగ్గరే పదిసార్లు రక్తం తీయాల్సిన పనిలేదన్నారు వాళ్లు. వంద మంది దగ్గర తలా రెండుసార్లు తీసినా చాలు. ఒకరి దగ్గర మందిచ్చిన గంటకి, మరొకరి దగ్గర ఆరు గంటలకి, ఇంకొకరి దగ్గర మర్నాటికి. ఎవరి కొలత చూసినా కథలో ఓ ముక్కే. అన్నీ కలిపితే మొత్తం కథ కనబడుతుంది. అంతేకాదు, బిడ్డకీ బిడ్డకీ తేడా ఎంత, ఆ తేడాలో బరువు వల్ల వచ్చింది ఎంత, వారాల వల్ల వచ్చింది ఎంత అన్నదీ విడదీసి చెప్పొచ్చు. ఈ లెక్కలు చేయడానికి 1970ల చివర్లో వాళ్లు తయారుచేయడం మొదలుపెట్టిన ప్రోగ్రామ్ పేరు నాన్‌మెమ్. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు, వాళ్ల ప్రోగ్రామ్ మాత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది.

రక్తం కోసం ప్రత్యేకంగా పొడవాల్సిన అవసరం లేని పద్ధతులూ వచ్చాయి. మామూలు పరీక్షల కోసం తీసిన రక్తంలో మిగిలిపోయిన చుక్కని పారబోయకుండా అందులోనే మందుని కొలుస్తారు. లేదంటే మడమ దగ్గర తీసిన చుక్కని కాగితం మీద ఆరబెట్టి పంపిస్తారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. దీనికి మూలం 1937లో స్వీడన్ శాస్త్రవేత్త టోర్‌స్టెన్ టియోరెల్ రాసిన వ్యాసాలు. గుండె, కాలేయం, మూత్రపిండం, మెదడు... ఇలా ఒక్కో అవయవం బరువెంత, దానిలోకి రక్తం ఎంత వెళుతుంది, ఏ ఎంజైము ఎంత ఉంది అన్న వివరాలన్నీ పేర్చి కంప్యూటర్‌లోనే ఓ బిడ్డని 'తయారు' చేస్తారు. ఒకరు కాదు, 25 వారాల వాళ్లు, 30 వారాల వాళ్లు వేల సంఖ్యలో. మొదటి డోసు ఆ బొమ్మ బిడ్డలకి. అక్కడ గట్టెక్కితేనే అసలు బిడ్డ దగ్గరికి.

ఒక మందు నేర్పింది ఇంకో మందుకి

ఈ లెక్కలతో ఒనగూరేది ఏమిటంటారా? మార్ఫిన్ ఉదాహరణ ఉంది. ఆపరేషన్ అయిన పసిపిల్లలకి నొప్పి తెలియకుండా ఇచ్చే మందు. చాలాకాలం కిలోకి ఇంత అని ఒకటే లెక్క. నెదర్లాండ్స్‌కి చెందిన క్యాథరైన్ నిబ్బే బృందం 2009లో వేసిన లెక్కలో ఇది తప్పని తేలింది. పుట్టి పది రోజులైనా కాని పిల్లలకి అవసరానికి మించి మందు అందుతోంది. తర్వాత ఆ లెక్కతో తగ్గించిన మోతాదుల్ని పిల్లలకి ఇచ్చి, నొప్పి ఎలా ఉందో కనిపెట్టి మరీ సరిచూశారు.

అసలు విశేషం ఆ తర్వాత ఉంది. మార్ఫిన్‌ని ఒంట్లోంచి పంపే ఎంజైమే, హెచ్ఐవీ ఉన్న తల్లుల బిడ్డలకి ఇచ్చే జిడోవుడిన్‌నీ పంపిస్తుంది. మార్ఫిన్ దగ్గర ఆ ఎంజైము వయసుతో ఎలా పెరుగుతోందో తెలిసిపోయింది కాబట్టి, అదే గీతని జిడోవుడిన్‌కీ వాడితే? 2012లో వాడి చూశారు. లెక్క కుదిరింది. ఒక బిడ్డ నొప్పి తగ్గించడానికి నేర్చుకున్న పాఠం ఇంకో బిడ్డని హెచ్ఐవీ నుంచి కాపాడే మందుకి ఉపయోగపడిందన్నమాట. ఇంతకీ ఆ ఎంజైము ఏదనుకున్నారు? 1959లో క్లోరాంఫెనికాల్‌ని బయటికి పంపలేక చేతులెత్తేసింది ముఖ్యంగా అదే!

నాలుగు రోజుల కాఫీ

పొద్దున్నే ఫిల్టర్ కాఫీ తాగితే అందులోని కెఫీన్ సుమారు 5 గంటల్లో సగానికి తగ్గుతుంది. మళ్లీ మధ్యాహ్నం నాలుకపీకేది అందుకేనేమో. నెలలు నిండని బిడ్డలో అదే కెఫీన్ సగం తగ్గాలంటే దాదాపు నాలుగు రోజులు కావాలి!

పసికందులకి కెఫీన్‌తో పనేమిటి అనుకోకండి. నెలలు నిండని పిల్లలు నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. మెదడులో ఊపిరిని నడిపే భాగం ఇంకా ఎదగకపోవడమే కారణం. దాన్ని తట్టిలేపే మందు కెఫీన్. కెనడాలోని మాంట్రియల్‌లో జేకబ్ అరాండా బృందం 1977లోనే ఈ సంగతి ప్రకటించింది. 500 నుంచి 1250 గ్రాముల బరువుతో పుట్టిన 2006 మంది పిల్లల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006, 2007 సంవత్సరాల్లో వచ్చాయి. ఏడాదిన్నర దాటేసరికి మరణం లేదా ఎదుగుదలలో తీవ్రమైన లోపం ఎదురైనవాళ్లు కెఫీన్ ఇవ్వని పిల్లల్లో 46 శాతం ఉంటే, ఇచ్చినవాళ్లలో 40 శాతం.

మందు నాలుగు రోజులకి సగమవుతుందంటే, రోజూ కొంచెం కొంచెం ఇస్తూ పోతే రక్తంలో సరైన స్థాయికి చేరడానికి మూడు వారాలు పడుతుంది. ఊపిరి ఆగుతున్న బిడ్డ మూడు వారాలు ఆగగలదా? అందుకే మొదటిసారే పెద్ద డోసు ఇచ్చి చెరువు నింపేస్తారు. పెద్దవాళ్ల బరువుకి మార్చి చూస్తే అది ఒకేసారి ఏడు కప్పుల కాఫీ తాగినట్టు. ఆపైన రోజుకోసారి కొద్దిపాటి మందు చాలు, కారిపోయినంత మళ్లీ పోయడం అంతే. మందు ఆపేసిన వెంటనే బిడ్డని ఇంటికి పంపకుండా మరికొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఎందుకు ఉంచుతారన్నదీ ఇప్పుడు అర్థమై ఉంటుంది. మిగిలిన కెఫీన్ కరిగిపోయాక కూడా బిడ్డ సొంతంగా ఊపిరి తీసుకుంటోందా అన్నది చూడాలి. ఇదంతా ఆసుపత్రి మానిటర్ల మధ్య జరగాల్సిన పని. ఇంట్లో కాఫీ చుక్క నాకించడానికి దీనికీ ఏ సంబంధమూ లేదు.

తేదీ చెప్పే రహస్యం

2020లో ప్రపంచం మొత్తమ్మీద నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు సుమారు కోటీ 34 లక్షలు. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. కానీ పైన చెప్పుకున్న గీతల్లో చాలావాటికి ఆధారమైన రక్తపు చుక్కలు అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పిల్లలవి. అక్కడి లెక్క ఇక్కడి బిడ్డకి అచ్చంగా సరిపోతుందా?

ఒక తేడా స్పష్టంగా ఉంది. మన దగ్గర కడుపులో ఉండగానే సరైన పోషణ అందక, వారాలకి తగ్గ బరువు లేకుండా పుట్టే పిల్లలు ఎక్కువ. తూకం మీద ఇద్దరూ కిలోనే ఉంటారు. ఒకరు 28 వారాల బిడ్డ. రెండోవారు 32 వారాలకి పుట్టినా ఒళ్లు చేయని బిడ్డ. ఇందాకటి లెక్కనే వాడితే మొదటి బిడ్డ మూత్రపిండాలు నిమిషానికి 0.7 మిల్లీలీటర్లు వడపోస్తాయి, రెండో బిడ్డవి ఒక మిల్లీలీటరు. ఒకే బరువు, దాదాపు ఒకటిన్నర రెట్ల తేడా! పైగా కడుపులో అర్ధాకలితో పెరిగిన బిడ్డ మూత్రపిండాలు ఆ గీత చెప్పినంత బాగా పనిచేస్తాయన్న భరోసా లేదు. ఆ సంగతి తేల్చాలంటే ఇక్కడి పిల్లల కొలతలే కావాలి.

ఇక్కడే ఓ మామూలు విషయం ప్రాణం మీదికి వస్తుంది... తల్లి ఆఖరి నెలసరి తేదీ. చాలామందికి అది గుర్తుండదు. 'సంక్రాంతి వెళ్లాక', 'అక్క పెళ్లికి ముందు' అని చెబుతారు. మొదటి మూడు నెలల్లో తీయించుకున్న స్కాన్ ఉంటే వారాలు తేలిగ్గా తెలుస్తాయి. అదీ లేకపోతే బిడ్డ అరికాలి మీద గీతలు, చెవి గట్టిదనం, చర్మం పలచదనం చూసి డాక్టర్లు అంచనా వేసుకోవాలి. ఆ అంచనాలో రెండు వారాలు అటూ ఇటూ అయినా మోతాదు లెక్క మారిపోతుంది. కాబట్టి ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవడం, మొదటి స్కాన్ కాగితాన్ని భద్రంగా దాచుకోవడం చాదస్తం కాదు. రేపు అవసరమొస్తే బిడ్డ మందు లెక్కలో మొదటి అంకె అదే. ఇంటికొచ్చాక కూడా అంతే. పక్కింటి బాబుకి పనిచేసిన జలుబు చుక్కలు, పెద్దపిల్లకి రాసిన సిరప్పు ఈ బిడ్డకి డాక్టరుని అడక్కుండా వేయకూడదు. బిడ్డ ఎప్పుడు పుట్టాల్సింది, ఎప్పుడు పుట్టింది... ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదట చెప్పాల్సిన మాట ఇది.

ఇంకో ముప్పూ ముంచుకొస్తోంది. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2016లో ప్రచురితమైంది. పసికందుల రక్తంలో దొరికిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని మామూలు యాంటిబయోటిక్కులు ఏమీ చేయలేకపోతున్నాయని అందులో తేలింది. దాంతో ఎప్పుడో మూలపడేసిన కొలిస్టిన్ లాంటి మందుల్ని మళ్లీ బయటికి తీయాల్సి వస్తోంది. అవి వచ్చిన రోజుల్లో పసికందులకి ఎంత ఇవ్వాలో లెక్కకట్టినవాళ్లు లేరు. ఇప్పుడు కట్టాలి, అదీ త్వరగా.

లెక్క కడితే ఫలితం ఉంటుందనడానికి మెరోపెనెమ్ సాక్ష్యం. మొండి ఇన్ఫెక్షన్లకి వాడే ఈ మందుని పసికందులకి ఎంత ఇవ్వాలో ఏళ్ల తరబడి సీసా మీద రాసి లేదు. పిల్లల మీద కూడా మందుల్ని పరీక్షించేలా అమెరికా 2002, 2003లో చట్టాలు తెచ్చింది. ఐరోపాలో అలాంటి చట్టం 2007లో అమల్లోకి వచ్చింది. ఆ ఊపులో అమెరికాలో దాదాపు 200 మంది పసికందుల రక్తంలో మెరోపెనెమ్‌ని కొలిచి, మోడల్ కట్టారు. 2014లో అక్కడి ప్రభుత్వం మందు కాగితంలో కొత్త వరుసలు చేర్పించింది. 32 వారాల లోపు పుట్టి రెండు వారాలైనా నిండని బిడ్డకి 12 గంటలకోసారి, రెండు వారాలు దాటితే 8 గంటలకోసారి... అని. ఆ రెండు వరుసల కోసం ఒక్కో బిడ్డ ఇచ్చింది కొద్ది చుక్కల రక్తం.

పరిశోధన కోసం బిడ్డ రక్తం తీయాలంటే ఆసుపత్రి నైతిక కమిటీ ఒప్పుకోవాలి, అమ్మానాన్నలు కాగితం మీద అనుమతి ఇవ్వాలి. అద్దాల పెట్టె పక్కన నిలబడి ఉన్న ఆ ఇద్దరికీ అది తేలికైన సంతకం కాదు. ఎంత రక్తం తీస్తారు, వేరే పరీక్షకి తీసినదాంట్లో మిగిలింది సరిపోదా, ఒప్పుకోకపోతే వైద్యంలో తేడా వస్తుందా అని అడిగే హక్కు వాళ్లకుంది. అడగాలి కూడా. అన్నీ తెలుసుకుని ఒప్పుకున్న ఒక్కో తల్లిదండ్రుల జంట వల్ల లెక్కలో ఒక్కో చుక్క చేరుతుంది. అది ఎక్కువగా పనికొచ్చేది ఆ బిడ్డకి కాదు, వచ్చే ఏడాది అదే మంచం మీదికి రాబోయే ఇంకో బిడ్డకి.